ఎఫ్.ఐ.పి. గది నుంచి పికప్ ట్రక్కు దాకా

ప్రత్యేక సంచికకు మన వృత్తి చరిత్ర మీద ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు కోరారు. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే వారి 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలైన సంగతి మిత్రులు ఇదివరకే వివరంగా రాశారు. నేను ఉద్యోగంలో ఎక్కువ కాలం గడిపింది ఎఫ్.ఐ.పి. గదిలో, అంటే ఫ్యూయల్ ఇంజెక్షన్ పంపులు విప్పి బిగించే చోట. కనుక నాకు తెలిసిన పంపు గురించే రాస్తాను. అది మన డిపోల్లోనే కాదు, అమెరికాలో పికప్ అనే చిన్న లారీల చరిత్రలోనూ పెద్ద పాత్ర వహించింది.

మన ఇళ్ళలోని పిల్లల కోసం ఒక మాట. డీజిల్ ఇంజన్‌లో గాలిని కొలిచి పంపే పని లేదు. డీజిల్ ఎంత పోస్తే అంత బలం. ఆ కొలత పంపులో ఉంటుంది. పంపును టెస్ట్ బెంచి మీద ఎక్కించి, ఆరు గాజు గొట్టాల్లో పడే ఆయిల్ సమంగా ఉందో లేదో చూసి, ఫుల్‌లోడ్ స్క్రూ బిగించి సీసం సీలు వేసేవాళ్ళం. "సార్, ఘాట్ ఎక్కడం లేదు, ఒక్క పిసరు పెంచండి" అని అడగని డ్రైవరు లేడు. పెంచితే ఏమవుతుందో మనందరికీ తెలుసు. గాలి చాలక నల్లపొగ, కె.ఎం.పి.ఎల్. పడిపోవడం, వేడికి పిస్టన్ దెబ్బతినడం.

చాలాసార్లు అసలు కారణం పంపులో కాదు, వెనక యాక్సిల్‌లో ఉండేది. టాటా బండ్లకు క్రౌన్ పినియన్ 6/41 ఒక రకం, 7/41 మరొక రకం. మొదటిదాంట్లో చక్రం ఒక్కసారి తిరగాలంటే ప్రొపెల్లర్ షాఫ్టు 6.83 సార్లు తిరగాలి. రెండోదాంట్లో 5.86 సార్లు చాలు. 9.00-20 టైరు ఒక చుట్టుకు సుమారు 3.1 మీటర్లు నడుస్తుంది. టాప్ గేరులో గంటకు 60 కిలోమీటర్ల మీద మొదటి బండి ఇంజన్ నిమిషానికి దాదాపు 2,200 చుట్లు, రెండోది 1,900కు కాస్త లోపు తిరుగుతాయి. మైదానపు రూటుకు రెండోది డీజిల్ మిగులుస్తుంది. అదే బండిని శ్రీశైలం ఘాట్‌కు పంపితే ఏడుస్తుంది. పంపు, గేర్‌బాక్సు, యాక్సిల్ మూడూ ఒకే జట్టు. ఒకదాన్ని విడిగా చూసి బాగుచేయబోతే రెండోది పాడవుతుంది.

ఇక పికప్ సంగతి. 1925లో ఫోర్డ్ కంపెనీ తన మోడల్ టి కారుకు వెనక చిన్న తొట్టి కట్టి పికప్ అని అమ్మింది. పెట్రోలు ఇంజన్, 20 హార్స్ పవర్, ముందుకు రెండే గేర్లు. రైతులూ చిల్లర వర్తకులూ కొన్నారు. ఆ తరువాత అరవై ఏళ్ళ కథ పెద్దగా చెప్పుకోవలసింది కాదు. ఇంజన్లు పెరిగాయి, సోకులు పెరిగాయి.

అసలు మలుపు 1989. డాడ్జ్ పికప్‌లో కమిన్స్ వారి 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజన్ పెట్టారు. పొలం యంత్రాలకూ మధ్యరకం లారీలకూ ఉద్దేశించిన ఇంజన్ అది. టర్బోచార్జరు, డైరెక్ట్ ఇంజెక్షన్ రెండూ ఉన్నాయి. హార్స్ పవర్ 160 మాత్రమే, టార్క్ మాత్రం 55 కిలోగ్రాం-మీటర్లు. టార్క్ అంటే తిప్పే పట్టు. గేర్‌బాక్సును విరిచేది హార్స్ పవర్ కాదు, ఈ పట్టే. మనకూ ఈ ఇంజన్ పరాయిది కాదు. 1993లో టాటా, కమిన్స్ కలిసి సంస్థ పెట్టి జంషెడ్‌పూర్‌లో ఈ 5.9 కుటుంబం ఇంజన్లనే తయారు చేశాయి.

1994 నాటి డాడ్జ్‌కు బాష్ వారి ఇన్‌లైన్ పంపు వచ్చింది. బెంగళూరు మైకో వారి పంపులు విప్పిన చేతులకు దాని లోపల కొత్తేమీ కనపడదు. ఆ పంపు సెట్టింగు చూడండి. మాన్యువల్ గేర్‌బాక్సు బండికి 175 హార్స్ పవర్, ఆటోమేటిక్ బండికి 160. 1996లో మాన్యువల్‌కు 215, ఆటోమేటిక్‌కు 180. ఇంజన్ అదే. ఆటోమేటిక్‌లో క్లచ్ పెడల్ బదులు టార్క్ కన్వర్టరు, ఆయిల్ ఒత్తిడితో బిగుసుకునే క్లచ్ పళ్ళేలు ఉంటాయి. పట్టు మితిమీరితే అవి జారతాయి, జారితే వేడెక్కుతాయి, ఆయిల్ మాడుతుంది. మాన్యువల్ బండిలో క్లచ్ జారుతుంటే డ్రైవరు కాలికి తెలుస్తుంది. ఆటోమేటిక్‌లో తెలిసేసరికి ఆలస్యం అవుతుంది. అందుకే కంపెనీ గేర్‌బాక్సు ఓర్పు చూసి ఇంజన్‌కు కళ్ళెం వేసింది. ఇంత నిజాయితీగల సెట్టింగు నేను తక్కువగా చూశాను.

టెక్సాస్‌లో ఉన్న మా పెద్దమ్మాయి కొడుకు 1997 నాటి ఇలాంటి ఆటోమేటిక్ బండి పాతది కొన్నాడు. మూడు టన్నుల ట్రైలరు లాగాలట. "తాతయ్యా, పంపులో ఫ్యూయల్ ప్లేటు మార్చి 300 హార్స్ పవర్ చేస్తామంటున్నారు, చేయించమంటారా?" అని ఫోనులో అడిగాడు. మన బస్సులు అరవైమందిని ఎక్కించుకుని, పన్నెండు టన్నుల పైచిలుకు బరువుతో, 110, 130 హార్స్ పవర్‌తో ఘాట్లు ఎక్కాయిరా, నీ మూడు టన్నులకు 180 చాలదా అన్నాను. పంపు జోలికి వెళ్ళవద్దని, ఆ డబ్బుతో ముందు గేర్‌బాక్సు ఆయిల్, కన్వర్టరు చూపించమని, ఎగ్జాస్టు వేడి తెలిపే మీటరు పెట్టించమని చెప్పాను. టర్బోకు ముందు ఆ వేడి 700 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతంలో నిలిచిపోతే కాలు తీయాలి. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఓవర్‌డ్రైవ్ బటన్ ఆపేయాలి. ఇవి పాటిస్తే బండికి వేరే ట్యూను అక్కర్లేదు.

1998 మధ్య నుంచి డాడ్జ్‌లో పంపు ఎలక్ట్రానిక్ అయింది. స్క్రూ, సీలు పోయి కంప్యూటరు వచ్చింది. 2001లో జనరల్ మోటార్స్ వారు 6.6 లీటర్ల డ్యూరామాక్స్ ఇంజన్‌ను అల్లిసన్ అయిదు గేర్ల ఆటోమేటిక్‌తో జత చేశారు. 300 హార్స్ పవర్, 72 కిలోగ్రాం-మీటర్ల టార్క్. గేరు మారే క్షణంలో ఇంజన్ కంప్యూటరు బలం తగ్గిస్తుంది, గేర్‌బాక్సు కంప్యూటరు పళ్ళేల ఒత్తిడి సరిచూస్తుంది. బయటి ట్యూనరు ఇంజన్ లెక్క ఒక్కటీ పెంచి గేర్‌బాక్సు లెక్క వదిలేస్తే, అల్లిసన్ జారుడు పసిగట్టి గేర్లు మార్చడం మానేస్తుంది. అందుకే అక్కడ ఇంజన్ ట్యూను, ట్రాన్స్‌మిషన్ ట్యూను జంటగా అమ్మడం మొదలైంది. గేరు ఏ వేగం దగ్గర మారాలి, ఆయిల్ ఒత్తిడి ఎంత, కన్వర్టరు ఎప్పుడు లాక్ కావాలి అన్నవి రెండోదాంట్లో ఉంటాయి. మన క్రౌన్ పినియన్ లెక్కే ఇప్పుడు కంప్యూటరులోకి ఎక్కింది.

2007 మోడళ్ళ నుంచి అక్కడి డీజిల్ పికప్‌లకు మసి పట్టే ఫిల్టరు వచ్చింది. బలం కోసమనీ, మైలేజి కోసమనీ చాలామంది ఫిల్టరు పీకించి, కంప్యూటరుకు తెలియకుండా ట్యూను మార్పించారు. 2020 నవంబరులో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్క వేస్తే, పదేళ్ళలో ఇలా చేసిన డీజిల్ పికప్‌లు 5.5 లక్షలకు పైగా తేలాయి. గాలి చెడిన తీరు చూస్తే, మరో 90 లక్షల పికప్‌లు రోడ్డెక్కినంత ప్రభావమట. డిపోలో తెల్లవారుజామున యాభై బండ్లు ఒక్కసారి స్టార్టు చేసే వేళ అక్కడ నిలబడి పనిచేసిన మనకు ఈ అంకె ఉత్త అంకె కాదు. మనలో ఎంతమంది ఇప్పుడు ఇన్‌హేలర్ జేబులో పెట్టుకుని తిరుగుతున్నారో సమావేశాలకు వచ్చేవారికి తెలుసు.

యజమానులే కాదు, తయారీదారు మీదా అభియోగం వచ్చింది. 2013 నుంచి 2019 వరకు వచ్చిన సుమారు 6.3 లక్షల రామ్ పికప్‌ల కంప్యూటర్లలో పొగ నియంత్రణను తప్పించే ఏర్పాటు ఉందని అమెరికా ప్రభుత్వం ఆరోపించింది. కమిన్స్ తప్పు ఒప్పుకోలేదు గాని, 2024లో 167.5 కోట్ల డాలర్ల జరిమానాకు అంగీకరించింది. స్వచ్ఛ వాయు చట్టం కింద అంత పెద్ద జరిమానా అంతకుముందు లేదు. ఆ బండ్లను వెనక్కి పిలిపించి కంప్యూటరు లెక్క మార్చే బాధ్యత కూడా ఆ ఒప్పందంలో కంపెనీ మీదే పెట్టారు.