ట్రాన్స్‌జెండర్లు ఏ టాయిలెట్‌కు వెళ్లాలి? ఇంట్లోంచి గెంటేస్తే దిక్కెవరు? చట్టంలో ఉన్నది ఇదీ..

బస్టాండ్‌లో టాయిలెట్ ముందు రెండు బోర్డులే కనిపిస్తాయి. పురుషులు, స్త్రీలు. చీర కట్టుకున్న ఓ ట్రాన్స్ మహిళ మగవాళ్ల వైపు వెళ్తే వెకిలి కామెంట్లు, ఒక్కోసారి చేతులు వేయడం. ఆడవాళ్ల వైపు వెళ్తే అరుపులు, పోలీసులకు ఫోన్లు. దాంతో చాలామంది చేసేది ఒక్కటే. ప్రయాణం ఉందంటే పొద్దున్నుంచీ నీళ్లు తాగకపోవడం.

2011 జనాభా లెక్కల్లో స్త్రీ, పురుష కాకుండా 'ఇతరులు'గా నమోదైనవాళ్లు దేశంలో 4,87,803 మంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది. బయటకు చెప్పుకోనివాళ్లు ఈ లెక్కలో లేరు. మరి వీళ్లు ఏ టాయిలెట్ వాడాలో చట్టంలో ఉందా? ఇంట్లోంచి వెళ్లగొడితే ఎక్కడ ఉండాలి?

ఏ చట్టమూ 'వద్దు' అనలేదు

ముందు ఒక అపోహ తీసేద్దాం. ట్రాన్స్‌జెండర్ వ్యక్తి ఫలానా టాయిలెట్‌లోకి వెళ్తే నేరం అని చెప్పే కేంద్ర చట్టం మన దేశంలో లేదు. పైగా రాజ్యాంగంలోని 15(2) అధికరణ బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, జనం వాడుకునే ప్రదేశాల దగ్గర లింగం పేరుతో ఎవరినీ అడ్డుకోకూడదని చెబుతోంది. ఆ 'లింగం' అనే మాటలో జెండర్ గుర్తింపు కూడా ఉంటుందని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న తేల్చింది. జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్, జస్టిస్ ఎ.కె. సిక్రీ ఇచ్చిన ఈ తీర్పునే అందరూ 'నల్సా తీర్పు' అంటారు. తాను పురుషుడా, స్త్రీయా, థర్డ్ జెండరా అన్నది ఆ వ్యక్తే నిర్ణయించుకోవచ్చని కోర్టు చెప్పింది. ఆస్పత్రుల్లో వైద్యం, ప్రత్యేక పబ్లిక్ టాయిలెట్లు, ఇతర సౌకర్యాలు కల్పించాలని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలను ఆదేశించింది.

ఇక్కడే చిక్కుముడి పడింది. తీర్పు 'ప్రత్యేక' టాయిలెట్లు అంది. అవి కట్టేదాకా ఏం చేయాలి? తనను మహిళగా గుర్తించుకున్న వ్యక్తి మహిళల టాయిలెట్ వాడొచ్చా? దీనికి సూటిగా జవాబు ఇచ్చింది కోర్టు కాదు, కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ. స్వచ్ఛ భారత్ గ్రామీణ్ కింద 2017 ఏప్రిల్‌లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో, కమ్యూనిటీ, పబ్లిక్ టాయిలెట్లలో పురుషుల వైపు వెళ్లాలా, స్త్రీల వైపు వెళ్లాలా అన్నది ట్రాన్స్‌జెండర్ల ఇష్టానికే వదిలేయాలని రాశారు. మంచి మాటే. కానీ మార్గదర్శకం అంటే చట్టం కాదు, పాటించకపోతే శిక్ష లేదు. అదీ పల్లెల కోసం రాసింది. ఊళ్లో సర్పంచ్‌కే తెలియని ఈ కాగితం సిటీలో టాయిలెట్ దగ్గర కూర్చుని డబ్బులు వసూలు చేసే కుర్రాడికి ఏం తెలుస్తుంది?

2019 చట్టం ఏం ఇచ్చింది?

ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల (హక్కుల పరిరక్షణ) చట్టం 2019 డిసెంబర్ 5న రాష్ట్రపతి ఆమోదం పొంది, 2020 జనవరి 10 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రజలు వాడుకునే సేవలు, సౌకర్యాలు, వసతి విషయంలో వివక్ష చూపకూడదని సెక్షన్ 3 చెబుతోంది. అద్దెకు ఉండే హక్కు, ఇల్లు కొనుక్కునే హక్కు కూడా అందులోనే ఉన్నాయి. సెక్షన్ 18 ప్రకారం బహిరంగ ప్రదేశాన్ని వాడుకోనివ్వకుండా అడ్డుకుంటే నేరం. ఇంట్లోంచి, ఊళ్లోంచి బలవంతంగా వెళ్లగొట్టడమూ నేరమే. శిక్ష ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, జరిమానా. అదే సెక్షన్‌లో లైంగిక హింసకూ ఇంతే శిక్ష పెట్టడం మీద మొదటి రోజు నుంచే గొడవ నడిచింది.

2020 సెప్టెంబర్‌లో వచ్చిన రూల్స్ ఇంకాస్త ముందుకెళ్లాయి. ఆస్పత్రుల్లో ప్రత్యేక వార్డులు, సంస్థల్లో వాష్‌రూమ్‌లు రెండేళ్లలో ఏర్పాటు చేయాలన్నాయి. ఆఫీసులు రాసుకోవాల్సిన సమాన అవకాశాల పాలసీలో యూనిసెక్స్ టాయిలెట్ల సంగతి కూడా ఉండాలన్నాయి. లెక్క వేస్తే ఆ రెండేళ్లు 2022 సెప్టెంబర్‌తోనే అయిపోయాయి.

ఇంకో మాట. టాయిలెట్ దగ్గర ట్రాన్స్‌జెండర్ ఐడీ కార్డు చూపించాలని ఈ చట్టంలో గానీ రూల్స్‌లో గానీ ఎక్కడా లేదు. జిల్లా కలెక్టర్ ఇచ్చే సర్టిఫికెట్ పథకాలకు, పత్రాల్లో జెండర్ మార్పుకు పనికొస్తుంది. అది లేదని ఎవరినీ టాయిలెట్‌లోంచి బయటకు పంపే అధికారం గార్డుకు రాదు.

కట్టినవెన్ని?

2017 అక్టోబర్ 2న భోపాల్‌లో ట్రాన్స్‌జెండర్ల కోసం ప్రత్యేక పబ్లిక్ టాయిలెట్ ప్రారంభిస్తే అది దేశమంతా వార్త అయింది. ఒక టాయిలెట్ జాతీయ వార్త అయిందంటేనే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. ఢిల్లీలో ఈ విషయం మీద హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. అక్కడి ప్రభుత్వం కోర్టుకు చెప్పిన లెక్క: కట్టినవి 9, కడుతున్నవి 56, దివ్యాంగుల టాయిలెట్లలో ట్రాన్స్‌జెండర్లకూ అనుమతించినవి 505. ఢిల్లీ మెట్రో కూడా 2021లో ఇదే దారి పట్టింది. దివ్యాంగుల కోసం ఉన్న 347 టాయిలెట్లను వీళ్లూ వాడుకోవచ్చంది.

ఖర్చు లేని పరిష్కారమే, కాదనలేం. కానీ వీల్‌చైర్‌లో వచ్చినవాళ్లకు ఉన్న ఒక్క గదినే ఇంకొకరితో పంచుకోమనడం అది. ప్రత్యేక టాయిలెట్‌తో ఇంకో ఇబ్బంది ఉంది. అందులోకి వెళ్తూ కనిపించారంటే ఆ మనిషి ఎవరో ఆఫీసంతా తెలిసిపోతుంది. అందుకే ఒక్కొక్కరు విడివిడిగా వాడుకునే, తలుపు గట్టిగా పడే, ఏ బోర్డూ లేని గదులే మేలనే వాదన బలపడుతోంది. సుప్రీంకోర్టు తన ప్రాంగణంలో 2023లో తొమ్మిది యూనివర్సల్ రెస్ట్‌రూమ్‌లు ఏర్పాటు చేసుకుంది కూడా.

తల దాచుకునే చోటు

టాయిలెట్ కన్నా పెద్ద సమస్య ఇల్లు. చట్టంలోని సెక్షన్ 12 ప్రకారం ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చేయకూడదు. కుటుంబం ఉండే ఇంట్లో ఉండే హక్కు, ఆ ఇంట్లోని సౌకర్యాలు వాడుకునే హక్కు వాళ్లకు ఉన్నాయి. ఇంట్లోవాళ్లు చూసుకోలేకపోతే కోర్టు ఆదేశంతో పునరావాస కేంద్రానికి పంపాలి. కానీ కొట్టేది ఇంట్లోవాళ్లే అయితే? కన్నవాళ్లు తరిమేస్తే గురువు దగ్గరకు చేరి, చేలాగా ఆ ఇంట్లోనే పెరిగినవాళ్లు ఎందరో. అలాంటి ఇంటికి ఈ సెక్షన్‌లో గుర్తింపు లేదు. ఇల్లు, లేదంటే ప్రభుత్వ కేంద్రం. అంతే.

ఆ కేంద్రాలే గరిమా గృహాలు. మొదటిది 2020 నవంబర్ 25న గుజరాత్‌లోని వడోదరలో మొదలైంది. పైలట్‌గా 12 పెట్టారు. ఒక్కోదాంట్లో కనీసం 25 మందికి చోటు, తిండి, వైద్యం, నైపుణ్య శిక్షణ. 2022 ఫిబ్రవరిలో వీటిని స్మైల్ పథకంలో కలిపారు. మహారాష్ట్ర, తమిళనాడు, ఒడిశా, ఛత్తీస్‌గఢ్.. మన చుట్టూ ఉన్న రాష్ట్రాలకు వచ్చాయి గానీ ఆ తొలి 12లో ఏపీకి, తెలంగాణకు ఒక్కటీ దక్కలేదు. మిగిలింది పట్టణాల్లోని నైట్ షెల్టర్లు. లక్ష జనాభాకు వంద మందికి సరిపడా షెల్టర్ ఉండాలన్నది కేంద్రం పెట్టుకున్న ప్రమాణం. అక్కడ మళ్లీ అదే ప్రశ్న, మగవాళ్ల హాలా, ఆడవాళ్ల హాలా?

హైదరాబాద్‌కు దీంట్లో ఓ పాత మచ్చ ఉంది. నిజాం కాలంలో, 1919లో వచ్చిన యూనక్స్ యాక్ట్ ప్రకారం నగరంలోని హిజ్రాల పేర్లు పోలీసులు రిజిస్టర్‌లో రాసుకునేవారు. రిజిస్టర్‌లో పేరున్నవాళ్లు ఆడబట్టలు కట్టుకుని వీధిలో కనిపిస్తే వారెంట్ లేకుండానే అరెస్ట్. 16 ఏళ్ల లోపు అబ్బాయి వాళ్ల ఇంట్లో ఉంటే జైలు. అంటే ఇంట్లోంచి తరిమేసిన పిల్లాడికి అన్నం పెట్టి చోటిచ్చినా నేరమే. ఈ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జులై 6న కొట్టేసింది. వైజయంతి వసంత మొగ్లి తదితరుల పిటిషన్ మీద చీఫ్ జస్టిస్ ఉజ్జల్ భుయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డి బెంచ్ ఇచ్చిన తీర్పు ఇది. నల్సా తీర్పు వచ్చాక కూడా తొమ్మిదేళ్లు ఆ చట్టం పుస్తకాల్లోనే ఉందన్నమాట.

అమెరికాలో అటు వైపు

మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్‌లో గాలి వేరే. 2025 డిసెంబర్ 4 నుంచి అక్కడ ప్రభుత్వ భవనాల్లో పుట్టినప్పటి లింగాన్ని బట్టే రెస్ట్‌రూమ్ వాడాలి. గృహహింస బాధిత మహిళల షెల్టర్లకూ ఆంక్షలు పెట్టారు. ఉల్లంఘిస్తే జరిమానా సంస్థకు, మొదటిసారి 25 వేల డాలర్లు, మళ్లీ జరిగితే లక్షా 25 వేలు.

అడ్డుకుంటే ఏం చేయాలి?

ఆఫీస్, మాల్, ఆస్పత్రి, కాలేజీ.. ఏ సంస్థలో అయినా ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఫిర్యాదు అందిన 15 రోజుల్లో విచారణ పూర్తి చేయాలని రూల్స్‌లో ఉంది. చాలాచోట్ల ఆ అధికారే లేరు. అందుకే 2025 అక్టోబర్ 17న జేన్ కౌశిక్ కేసులో జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్ బెంచ్ ప్రభుత్వాల నిర్లక్ష్యాన్ని తప్పుబట్టింది. ప్రతి సంస్థలో ఫిర్యాదుల అధికారిని, రాష్ట్రాల్లో సంక్షేమ బోర్డులను, జిల్లాల్లో ట్రాన్స్‌జెండర్ ప్రొటెక్షన్ సెల్స్‌ను ఏర్పాటు చేయాలంది. రిటైర్డ్ జడ్జి ఆశా మీనన్ అధ్యక్షతన కమిటీ కూడా వేసింది.

సెక్షన్ 18 కింద అయితే నేరుగా పోలీస్ స్టేషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వొచ్చు. కాగితం మీద తేదీ, టైమ్, ఏ టాయిలెట్ లేదా షెల్టర్, అడ్డుకున్నది ఎవరు అన్నవి రాసి, రసీదు తీసుకోవాలి. న్యాయ సలహా కావాలంటే న్యాయసేవల సంస్థ హెల్ప్‌లైన్ నంబర్ 15100.