కొనేటోడు వానకాలంల పోవాలె

షోలాపూర్ పక్కన కుంభారి అవతల ఏదో ఊళ్లె ఇల్లు చూసొచ్చినవట కదరా. అగ్గువకొస్తున్నదని మీ అమ్మ మురుస్తున్నది. ఎందుకు అగ్గువైందో అమ్మెటోన్ని అడిగినవా? అడగలే. ఆ కట్టెలు రెండు మంటల వెట్టి గిట్ల కూసో.

మా నాయిన కరీంనగర్ దిక్కుకెల్లి షోలాపూర్ వచ్చినప్పుడు సాఖర్‌పేట చాళ్‌ల మాకు ఒక్కటే అర్ర. గుంత మగ్గంల నాయిన, పక్కన అవ్వ కండెలు చుట్టుడు, మిగిలిన జాగల పొయ్యి, మా పక్కలు. బతికినన్ని రోజులు ఒక్కటే ఆశ, సొంత గూడు కావాలె. పేటలల్ల జాగ నిండి ధర పెరిగినంక మనోళ్లు పల్లెల దిక్కు చూసుడు మొదలువెట్టిన్రు. పల్లెటూరి ఇల్లు చూడంగనే మనసు గుంజుతది. వాకిలి, చింతచెట్టు, మందం గోడలు. కొనేటోడు మోసపోయేది గాడనే.

మా చాళ్‌ల ఒగాయిన ఉండె, పేరెందుకులే. పెండ్లాం కడియాలమ్మి ఊరవతల రెండర్రల ఇల్లు కొన్నడు. మే నెలల పోయి చూసిండు. నేల రాయి లెక్క ఉన్నది, గోడలకు తెల్లగ సున్నం. ఆషాఢంల సామాను దించి, మగ్గం పెట్టెటందుకు గుంత తవ్విండు. మోకాలు లోతు పోలే, అడుగుకెల్లి నీళ్లు ఊరినయ్. తెల్లారి ఎత్తిపోసిండు, మాపటికి మళ్ల నిండినయ్. గుంతల కాళ్లు పెట్టక తొక్కుడు చెక్కలు ఎట్ల తొక్కుతడు? సరే అని నేలమీది మగ్గం పెట్టిండు. దసరాకు నేల ఎండి కుంగింది. మగ్గం గుంజలు ఒరిగినయ్, పడుగు ఒక దిక్కు బిగువు, ఒక దిక్కు వదులు. నేసిన బట్ట అంచు వంకర పోతుంటే సేట్ తీసుకోకపాయె.

అది నల్లరేగడి. షోలాపూర్ చుట్టుపక్కల శానా జాగల ఉన్నది గదే. నీళ్లు తాగితే ఉబ్బుతది, ఎండితే ముడుచుకుంటది, మీదున్న ఇంటిని ఏటా లేపి దించుతది. పునాది కింది మురుం దాకా పోకుంటే కిటికీ మూలకెల్లి ఏటవాలుగ పగులు పారుతది. ఆ పగులును దాచేటందుకే కొత్త సున్నం. అందుకే అమ్మకానికి ముందు ఈమధ్యనే రంగేసిన ఇల్లు కనవడితే నాకు అనుమానమొస్తది. తలుపులు తీసి మూసి చూడు. పైన పట్టుకుంటుంటే చౌకట్టు వంగినట్టే.

ఇంగ మందం గోడలు. ఎండకాలం చల్లగుంటయని మెచ్చుకుంటున్నవ్ గదా, కిల్లారి భూకంపం సంగతి మీకెవ్వలు చెప్పలే. 1993 సెప్టెంబర్ 30, తెల్లారగట్ల నాలుగు కావస్తుంది. గణపతిని సాగనంపి పండుకున్న జనం. ఈడ షోలాపూర్‌ల సుత మంచాలు కదిలితే అందరం చౌకులకు ఉరికినం. ఆడ లాతూర్, ఉస్మానాబాద్ జిల్లాలల్ల 10,000 మంది దాకా పోయిన్రు. రాళ్లను మన్నుతోని పేర్చి కట్టిన గోడలు, మీద మూరెడు మన్ను కప్పు. ఊగంగనే రాళ్లు విడివడ్డయ్, కప్పు మీద పడ్డది. పాతిల్లు కొనెటోడు గోడను ఒక్కకాడ గీకి చూడాలె, రాళ్ల నడుమ సిమెంటా సున్నమా, ఒట్టి మన్నా అని.

గోడలన్న కంటికి కనవడ్తయ్, కాయితాలల్ల దాగింది కనవడది. గావ్‌ఠాణ్, అంటే ఊరి ఇండ్ల జాగ, లోపలి ఇల్లైతే పంచాయతీ ఆఫీసు ఎనిమిది నంబరు ఉతారా చేతిల పెడ్తరు. అది పన్ను ఎవరి పేరు మీద వేసిన్రో చెప్తది, యజమాని నువ్వే అని చెప్పది. గావ్‌ఠాణ్ బయటిదైతే అది చేను. అండ్ల ఇల్లు కట్టాలంటే ఎన్ఏ ఆర్డర్, అంటే సాగు కాని వాడకానికి అనుమతి, అడిగేటోళ్లు. చేన్లను ముక్కలు చేసి అమ్మొద్దని 1947లనే చట్టమొచ్చింది. అయినా బాండు పేపర్ మీద గుంట, రెండు గుంటలు అమ్ముతనే ఉన్నరు. గుంటంటే 33 అడుగులకు 33 అడుగులు. 2001ల గుంఠేవారీ చట్టం తెచ్చి కొన్ని ప్లాట్లను క్రమబద్ధం చేసే దారి పెట్టిన్రు, గని ప్రతి గుంటకూ ఆ దారి దొరకది.

బీడీలు చుట్టి కూడవెట్టిన పైసలతోని ఒకామె గుంట కొన్నది. సాత్‌బారా అనే భూమి ఉతారాల పేరెక్కింది, సంబురపడ్డది. ఆ ఉతారాల పదిమంది పేర్లున్నయ్, ఏ మూల ఎవరిదో లేదు. అందరి కాయితాలూ నిజమైనయే, అందరికీ రోడ్డు మూలనే కావాలె. మోజణి, అంటే సర్కారు కొలత, చేయించి హద్దురాళ్లు పాతకుంటే జరిగేది గిదే.

సాత్‌బారాల 'ఇతర్ హక్క్' అని ఒక గడి ఉంటది. జనం పేరు చూసి మడిచి పెడ్తరు, నేనైతే ముందు గా గడి చదువుత. సొసైటీ అప్పు బోజా, కౌలుదారు పేరు ఆడనే ఉంటయ్. 'భోగ్‌వటాదార్ వర్గ్ 2' అని రాసుంటే ఆ భూమి కలెక్టర్ అనుమతి లేంది చేతులు మారది. శానమట్టుకు పాత వతన్, ఇనాం భూములు అసొంటియే. ఫేర్‌ఫార్‌లు, అంటే పేరు మార్పుల రికార్డులు, ముప్పై ఏండ్లయి తీయించి చదివించు. ఆడబిడ్డల పేర్లు ఎప్పుడు పోయినయో, ఎట్ల పోయినయో అండ్లనే తెలుస్తది.

నాన్నజ్ దిక్కు ఇంకో తిరకాసు. మాళ్‌ఢోక్ అని పెద్ద పిట్ట, మనం బట్టమేక అంటం. దానికోసం 1979ల అభయారణ్యం ప్రకటించిన్రు, 8,496 చదరపు కిలోమీటర్లు. చేన్లు, ఊర్లు అన్నీ అండ్లనే. అమ్ముడు, కొనుడు, ఎన్ఏ చేయించుడు ఏండ్లకేండ్లు ఆగిపోయినయ్. తర్వాత 1,222 చదరపు కిలోమీటర్లకు తగ్గించిన్రు. చేన్ల నిలవడితే ఆ గీత ఏడ కనవడ్తది చెప్పు? బ్రోకర్ మాత్రం మునిసిపాలిటీ హద్దు రేపే పెరుగుతదంటడు. 1992ల పెరిగింది, శెల్గి, బాళె పట్టణంల కలిసినయ్, నిజమే. ఆ తర్వాత ఎంతమంది ఆ మాట మీద ముసలోళ్లైన్రో నేను చూసిన.

కుంభారిల బీడీ కార్మికులకు 2006ల 10,000 ఇండ్లు, 2024 జనవరిల రేనగర్‌ల వేరే కార్మికులకు సుత కలిపి 15,000 ఇండ్లు ఇచ్చిన్రు. అది కొట్లాడి తెచ్చుకున్న సంఘాల గొప్పతనం, నేను కాదన. నువ్వు కొనేది ఒంటరి ఇల్లు. నల్లా పాడైతే నీతోని మోర్చా తీసేటోడు లేడు. ఎండకాలం బోరు ఎన్ని రోజులు పోస్తది, నీళ్లు ఉప్పగున్నయా, మాపటి బస్సు ఎన్ని గంటలకు, మీ అమ్మ బీడీలు అప్పజెప్పే కార్ఖానా ఎంత దూరం, గివన్నీ అమ్మెటోన్ని అడగకు. ఆ వాడల కోడండ్లను అడుగు, వాళ్లకు అమ్ముకునేదేం లేదు.

గందుకే చెప్తున్న. రేపు ఊరి భూమి లెక్కలు చూసే తలాఠీ కాడికి పోయి ఉతారా తీస్కరా, నా అద్దాలు ఈడనే ఉన్నయ్, చదువుదం. మంచి వాన పడ్డ తెల్లారి మీ అమ్మను తోల్కొని ఆ ఇంటికాడికి పో. అప్పటిదాక వానికి బయానా ఒక్క రూపాయి ఇయ్యకు.