పాత పికప్‌లో లైట్లు మసకబారితే...

ధర్మవరంలో పట్టుచీరల మూటలు మోసే పాత పికప్‌లకు లైట్లు మసకబారితే చాలామంది ముందు బల్బే మారుస్తారు. తప్పు ఎక్కువగా ఎర్త్‌లో ఉంటుంది. బ్రేక్ నొక్కితే ఇండికేటర్ కూడా మినుకుమంటోందా? వెనక లైటు ఎర్త్ తుప్పు పట్టిందనే అనుమానించాలి. ఆ ఎర్త్ నుంచి బ్యాటరీ మైనస్‌కు విడి వైరు కలిపి చూడాలి. వెలుగు పెరిగితే దొంగ దొరికినట్టే. బోల్టు విప్పి, మెరిసేదాకా గీకి బిగిస్తే సరి.

అన్ని లైట్లూ మసకైతే బ్యాటరీ చూడాలి. ఇంజన్ ఆగినప్పుడు సుమారు 12.6 వోల్టులు, నడుస్తున్నప్పుడు 14 దాకా రావాలి. పెరగకపోతే డైనమో చూపించాలి.

ఫ్యూజ్ మళ్లీ మళ్లీ పోతోందంటే వైరు ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగులుతున్నట్టు. తొట్టి కింద వెతకాలి. 10 ఆంపియర్ల ఫ్యూజ్ చోట 20ది గానీ, రాగి తీగ గానీ పెట్టొద్దు. ఫ్యూజ్‌కు బదులు వైరే కాలుతుంది, పైన టార్పాలిన్, చీరల మూటలు ఉంటాయి.