గీత మారితే లెక్క మారుతుంది

వినండర్రా. నేను కాలేజీలో జాగ్రఫీ చెప్పే రోజుల్లో జనాభా లెక్కలొచ్చాయంటే మేస్టార్లంతా వీధుల్లోనే. ఒక్క మనిషి తిరగగలిగినన్ని ఇళ్లు ఒక బ్లాకు. పక్కా ఇంటికి చతురస్రం, కచ్చా ఇంటికి త్రిభుజం వేసి పటం గీసేవాళ్లు. బ్రిటన్‌లోనూ తిరిగేవాడి వీలు చూసే హద్దులు గీసేవాళ్లు. అక్కడ ఫలితాలు కూడా ఆ హద్దుల ప్రకారమే అచ్చయ్యేవి.

అయితే ఏమైందంటావా చిట్టీ? మేడల వీధి, దాని వెనకే పూరిళ్ల వీధి. రెండూ ఒకే గీతలో పడ్డాయనుకో. సగటు తీస్తే అందరూ మధ్యతరగతే! పూరిళ్ల వాళ్ల కష్టం కాగితం మీద కనపడదు. బడికీ ఆసుపత్రికీ డబ్బిచ్చేవాళ్లు చూసేది ఆ కాగితాన్నే కదమ్మా.

ఈ సంగతి పట్టుకుని వదలనివాడు స్టాన్ ఓపెన్‌షా అనే బ్రిటిష్ ప్రొఫెసరు. 1979లో పీటర్ టేలర్‌తో కలిసి అమెరికాలోని అయోవా రాష్ట్రం అంకెలు తీశాడు. ముసలివాళ్లు ఎక్కువున్న చోట రిపబ్లికన్ ఓట్లు ఎక్కువా అన్నది ప్రశ్న. అక్కడి 99 కౌంటీలనూ రకరకాలుగా గుంపులు కట్టి చూస్తే, ఒక కూర్పులో అవునని వచ్చింది, మరో కూర్పులో పూర్తిగా తిరగబడింది. జనం వాళ్లే, ఓట్లవే. అది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఈ గీతల తిరకాసుకు మందు కూడా ఆయనే అంతకుముందే, 1977లో రాసిపెట్టాడు. కంప్యూటరు మొదట ఏదో ఒకలా గుంపులు కడుతుంది. అంచునున్న ఒక ముక్కను పక్క గుంపులోకి జరిపి చూస్తుంది. మనకు కావలసిన కూర్పుకు దగ్గరైతే ఉంచుతుంది, లేదంటే ఎక్కడిదక్కడ పెట్టేస్తుంది. అలా మళ్లీ మళ్లీ.

అది బ్రిటన్‌లో జనాభా లెక్కల పనికి రావడానికి 2001 దాకా పట్టింది. సౌథాంప్టన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ డేవిడ్ మార్టిన్ దాన్ని ఇంగ్లండ్, వేల్స్ లెక్కలకు తీర్చిదిద్దాడు. పోస్ట్‌కోడ్‌లను కలిపి, ఒకే తీరు ఇళ్లు ఒకచోటికి వచ్చేలా, సుమారు 125 కుటుంబాలకో ప్రాంతం. 40 కుటుంబాలకూ 100 మందికీ తగ్గడానికి వీల్లేదు. తగ్గితే ఎవరింటి గుట్టు ఏమిటో తెలిసిపోతుంది. మొత్తం 1,75,434 ప్రాంతాలు. 2011లో జనం బాగా పెరిగిన, తరిగిన చోట్ల మార్చి, చాలామటుకు అలాగే ఉంచారు. పదేళ్ల మార్పు తెలియాలంటే హద్దు నిలకడగా ఉండాలి మరి.

మన సంగతి చూడండి. 2016లో తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2022లో ఆంధ్రలో 13 కాస్తా 26 అయ్యాయి. 2011 లెక్కలేమో పాత జిల్లాలవి. కొత్త జిల్లాలో ఏం మారిందో చెప్పాలంటే ఊరూరి అంకెలూ తీసి మళ్లీ కూడుకోవాలి. ఓపిక కావాలి, జనం మీద ప్రేమ కావాలి. మీలో ఒక్కరైనా ఈ చదువు చదవండర్రా. జన్మంతా పెట్టదగ్గ పని ఇది.