రామోకు దెబుస్సీ నివాళి

1905లో పారిస్‌లోని ద్యురాఁ ప్రచురణ సంస్థ ఫ్రెంచి స్వరకర్త క్లోద్ దెబుస్సీ రాసిన మూడు పియానో రచనల్ని ‘ఇమాజ్’ పేరిట అచ్చువేసింది. మొదటిది నీటిలో ప్రతిబింబాల మీద. ఆ తళుకుల పక్కన రెండోదైన ‘ఒమాజ్ అ రామో’ మీదికి దృష్టి అంతగా పోదు. నా మటుకు ఆ సంపుటికి ప్రాణం ఇదే.

జాఁ ఫిలిప్ రామో 1683లో దిజోన్‌లో పుట్టాడు. చర్చిల్లో ఆర్గన్ వాయిస్తూనే సగం జీవితం గడిచిపోయింది. ప్రతి కార్డుకూ (కలిసి మోగే స్వరాల సముదాయానికి) ఒక మూలస్వరం ఉంటుందనీ, కార్డుల నడక దాన్నిబట్టే సాగుతుందనీ 1722లో గ్రంథం రాశాడు. ఐరోపా సంగీత విద్యకు అది పునాది అయింది. 1733లో తొలి ఒపేరా వేదికెక్కేనాటికి ఆయనకు యాభై ఏళ్లు. ఇదేం విపరీతమని ముందుతరం ఒపేరా స్వరకర్త లుల్లీ అభిమానులు మండిపడ్డారు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఇటలీ ఒపేరా మోజులో ఉన్న తత్వవేత్త రూసో వర్గం ఆయన్ని పాతచింతకాయ పచ్చడిలా తీసిపారేసింది. మరీ కొత్త అన్న నిందా, మరీ పాత అన్న నిందా ఆ ఒక్కడే మోశాడు. 1764లో కన్నుమూశాడు. ఫ్రెంచి విప్లవం తర్వాత ఆయన ఒపేరాలు వేదికలకు దూరమయ్యాయి. పేరు మాత్రం పాఠ్యగ్రంథాల్లో మిగిలింది.

1870-71 యుద్ధంలో ప్రష్యా చేతిలో ఓడిన ఫ్రాన్స్ సంగీతంలో తన వేళ్లు తాను వెతుక్కుంది. 1895 నుంచి స్వరకర్త సాఁ-సాఁస్ ఆధ్వర్యంలో రామో సమగ్ర రచనలు వెలువడసాగాయి. 1903లో స్కోలా కాంతోరుం సంగీత విద్యాలయం రామో రచనల్ని ప్రదర్శించింది. అవి విన్న దెబుస్సీ ఉప్పొంగిపోయి, ఒపేరా స్వరకర్త గ్లుక్ కంటే రామోయే మిన్న అని పత్రికల్లో గట్టిగా వాదించాడు. తర్వాత ఆ సమగ్ర రచనల్లో ఒక సంపుటికి తానే పరిష్కర్త అయ్యాడు.

ఇక ఆ నివాళి సంగతి. మొదట్లో కార్డులే ఉండవు. రెండు చేతులూ ఒకే వరసను వేర్వేరు స్థాయిల్లో నెమ్మదిగా పలుకుతాయి. నడక పాతకాలపు సారబాండ్ నృత్యానిది. అయితే లెక్క బిగించి వాయించవద్దని దెబుస్సీ ముందే సూచించాడు. కాసేపటికి కార్డులు వస్తాయి. అవి రామో నియమాల్లో ఒదగవు. గుంపుగా పైకీ కిందికీ జరుగుతాయి, ఒక్కో కార్డూ తన రంగు కోసమే మోగుతుంది. కార్డులకు శాస్త్రం కట్టినవాడికి, ఆ కట్టు విప్పినవాడు పెట్టిన నమస్కారం ఇది. రామోను అనుకరించి ఉంటే ఇంత గౌరవం దక్కేది కాదని నా నమ్మకం. మసక రూపాల కళాకారుడనిపించే ‘ఇంప్రెషనిస్టు’ అన్న ముద్ర దెబుస్సీకి గిట్టేది కాదు. ఇంత గట్టి కట్టడమున్న ఈ రచన వింటే ఆయన చిరాకు న్యాయమే అనిపిస్తుంది.

1906 ఫిబ్రవరి 6న పియానిస్టు రికార్డో వీన్యేస్ దీన్ని పారిస్ సభలో వాయించాడు. ఆ దారిలోనే స్వరకర్త రావెల్ 1914-17 మధ్య మరో పాతకాలపు ఫ్రెంచి స్వరకర్త కూప్రాఁ పేరిట పియానో రచన చేసి, మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన మిత్రులకు అంకితమిచ్చాడు. రామో చివరి ఒపేరా ‘లె బొరేయాద్’కు మాత్రం నిరీక్షణ తప్పలేదు. 1763లో సాధన దాకా వచ్చి ఆగిపోయిన ఆ ఒపేరాను పూర్తిస్థాయిలో రంగస్థలం మీద చూడడానికి ఫ్రాన్స్‌కు 1982 దాకా పట్టింది.