ఫలితాన్ని బట్టి చెల్లింపు: సామాజిక ఒప్పందాల చరిత్ర

ఒక సామాజిక కార్యక్రమాన్ని ప్రైవేటు సంస్థకో స్వచ్ఛంద సంస్థకో అప్పగించి, దానివల్ల వచ్చిన మార్పును కొలిచి, ఆ కొలతను బట్టే ప్రభుత్వం సొమ్ము చెల్లించే పద్ధతి ఇది. ఆరోగ్యశ్రీ కూడా ప్రైవేటు ఆస్పత్రులకు సర్కారు డబ్బు చెల్లించే పథకమే. కానీ అక్కడ చెల్లింపు చేసిన చికిత్సకు. ఇక్కడ చెల్లింపు నయమైనందుకు. ఫలితం తేలడానికి ఏళ్లు పడుతుంది, ఈలోగా జీతాలూ అద్దెలూ ఎవరో భరించాలి. అందుకే ఈ ఒప్పందాల్లో చాలావాటికి ఒక మదుపరి ఉంటాడు. లక్ష్యం చేరితే అతనికి అసలూ లాభమూ వస్తాయి, చేరకపోతే పెట్టిన సొమ్ము పోతుంది. ఈ మూడు పక్షాల ఏర్పాటునే సోషల్ ఇంపాక్ట్ బాండ్ అంటున్నారు. అమెరికాలో పే ఫర్ సక్సెస్ అన్న పేరు ఎక్కువగా వాడుకలో ఉంది.

పేరు కొత్తదే గానీ ఆలోచన పాతది. 1790లో బ్రిటన్ నుంచి ఆస్ట్రేలియాకు ఖైదీలను చేరవేసిన రెండో నౌకల బృందం కాంట్రాక్టు, అంతకుముందు బానిసల రవాణా చేసిన ఒక సంస్థకు దక్కింది. తలకు 17 పౌండ్ల 7 షిల్లింగుల 6 పెన్నీల చొప్పున, ఖైదీ బతికి ఒడ్డుకు చేరినా చేరకపోయినా అదే రేటు. ఓడలెక్కిన వెయ్యిమందికి పైగా ఖైదీల్లో సుమారు నాలుగో వంతు దారిలోనే చనిపోయారు. ఆ తర్వాతి ఒప్పందాల్లో కొంత సొమ్మును ఖైదీలు క్షేమంగా దిగాకే ఇచ్చేలా షరతు పెట్టారు. ఓడల్లో వైద్యుల పర్యవేక్షణ కూడా తోడై మరణాలు బాగా తగ్గాయి. ప్రాణంతో దిగారా లేదా అన్నది ఎవరూ కాదనలేని లెక్క కాబట్టి ఆ షరతు పనిచేసింది. తర్వాత వచ్చిన పథకాలకు అంత తేలికైన కొలత దొరకలేదు.

బడుల సంగతే చూడండి. 1862లో విద్యా వ్యవహారాలు చూసే రాజకీయ నేత రాబర్ట్ లోవ్ ఇంగ్లండులో తెచ్చిన నిబంధనల ప్రకారం ఒక్కో పిల్లకు బడికి వచ్చే గ్రాంటు గరిష్ఠంగా 12 షిల్లింగులు. అందులో 4 హాజరుకు, మిగతా 8 పరీక్షకు. చదవడం, రాయడం, లెక్కలు, వీటిలో ఒక్కోటి తప్పితే 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు కోసం పిల్లలచేత పుస్తకం మొత్తం బట్టీ పట్టించేవారు. స్వయంగా ఇన్‌స్పెక్టరైన కవి మాథ్యూ ఆర్నాల్డ్ ఈ పద్ధతిని ఏళ్ల తరబడి దుయ్యబట్టాడు. 1890ల్లో ఇంగ్లండు దీన్ని వదిలేసింది. అప్పటికే ఇది మద్రాసు ప్రెసిడెన్సీకి చేరి ఉంది. 1860ల చివరి నుంచి ఇక్కడి వీధి బడులకు పరీక్షా ఫలితాలను బట్టి గ్రాంట్లు ఇచ్చారు, తెలుగు జిల్లాలూ ఆ పరిధిలోవే. ప్రాథమిక బడులకు ఫలితాలను బట్టే సాయం ఉండాలని 1882లో ఏర్పడిన హంటర్ కమిషన్ సిఫారసు చేసింది కూడా. వైస్రాయ్ కర్జన్ కాలానికి గానీ ఆ మోజు తీరలేదు.

ఇప్పటి రూపానికి బీజం 1988లో పడింది. సామాజిక సమస్య తీరినప్పుడే సొమ్ము చెల్లే బాండ్లను ప్రభుత్వం జారీ చేసి, వాటిని మార్కెట్లో కొనుగోలు, అమ్మకాలకు వదిలేయాలని న్యూజిలాండ్ ఆర్థికవేత్త రానీ హోరెష్ ప్రతిపాదించాడు. అది కాగితం మీదే ఉండిపోయింది. 2007లో లండన్‌లో ఏర్పడిన సోషల్ ఫైనాన్స్ సంస్థ వేరే దారి పట్టింది. అది కుదిర్చిన ఒప్పందమే 2010 సెప్టెంబరులో ఇంగ్లండులోని పీటర్‌బరో జైల్లో మొదలైన తొలి సోషల్ ఇంపాక్ట్ బాండ్.

ఏడాదిలోపు శిక్ష పడిన మగ ఖైదీలను ఎంచుకున్నారు. వాళ్లు విడుదలయ్యేటప్పుడు చేతిలో 46 పౌండ్లు పెట్టి పంపేవారు. ఆ తర్వాత వాళ్లపై చట్టబద్ధమైన పర్యవేక్షణేమీ ఉండేది కాదు. చాలామంది ఏడాది తిరక్కుండానే మళ్లీ దొరికేవారు. 17 మంది మదుపరులు, ఎక్కువగా ధార్మిక ట్రస్టులే, 50 లక్షల పౌండ్లు పెట్టారు. ఆ డబ్బుతో స్వచ్ఛంద సంస్థలు ఖైదీని లోపల ఉండగానే కలిసి, బయటికొచ్చాక ఇల్లు, పని, మత్తు మాన్పించే చికిత్స చూపించాయి. వాళ్లను వేయిమంది చొప్పున బృందాలు చేశారు. ఒక బృందంలో పునఃశిక్షలు 10 శాతం తగ్గినా, లేదా అన్ని బృందాల్లో కలిపి 7.5 శాతం తగ్గినా చెల్లింపు.

ఇక్కడ ఒప్పందం రాసినవాళ్ల తెలివి మెచ్చుకోదగ్గది. ఎంతమంది మళ్లీ నేరం చేశారని లెక్కిస్తే, ఒకసారి జారినవాణ్ని ఇక పట్టించుకోనక్కర్లేదు, అతను ఎలాగూ నష్టం ఖాతాలోకి వెళ్లిపోయాడు. అందుకని విడుదలైన ఏడాదిలో పడిన శిక్షలు మొత్తం ఎన్ని అని లెక్కపెట్టారు, దేశంలో అలాంటి ఇతర ఖైదీలతో పోల్చారు. 2014లో మొదటి బృందం లెక్క తేలింది: తగ్గుదల 8.4 శాతం. చెల్లింపు లేదు. 2017లో రెండు బృందాల మొత్తం 9 శాతంగా తేలి, మదుపరులకు అసలుతో పాటు ఏడాదికి 3 శాతానికి కాస్త పైగా ముట్టింది. మూడో బృందం దాకా మాత్రం పోలేదు. చిన్న శిక్షలవాళ్లందరికీ పర్యవేక్షణ తప్పనిసరి చేస్తూ, ఆ పనిలో పెద్ద భాగాన్ని ప్రైవేటు కంపెనీలకిస్తూ బ్రిటన్ ప్రభుత్వమే విధానం మార్చింది. ఇక పోల్చడానికి పర్యవేక్షణ లేని ఖైదీలే మిగల్లేదు.

అమెరికాలో తొలి ప్రయోగం న్యూయార్క్‌లోని రైకర్స్ ఐలాండ్ జైలు. 2012లో గోల్డ్‌మన్ శాక్స్ 96 లక్షల డాలర్ల రుణమిస్తే, అందులో 72 లక్షలకు మేయర్ మైకేల్ బ్లూమ్‌బర్గ్ సొంత ధార్మిక సంస్థే పూచీ పడింది. టీనేజి ఖైదీల ప్రవర్తన మార్చేందుకు ఇచ్చిన శిక్షణ వల్ల తేడా ఏమీ రాలేదని 2015లో స్వతంత్ర మూల్యాంకనం తేల్చింది. నగరం పైసా కట్టలేదు. పద్ధతి గెలిచిందని కొందరన్నారు. ఆ పిల్లల సంగతి ఎక్కడిదక్కడే ఉంది. యూటా రాష్ట్రపు ఒప్పందంలో మరో చిక్కు వచ్చింది. ప్రత్యేక విద్య అవసరమవుతుందని ముందే గుర్తించిన 110 మంది పిల్లల్లో, ప్రీస్కూల్ తర్వాత ఒక్కరికే ఆ అవసరం పడిందని లెక్క చూపి మదుపరికి చెల్లించారు. అసలు ఆ 110 మందిలో ఎందరికి అవసరమయ్యేదన్న ప్రశ్న నిపుణులు వేశారు. మొదటి అంచనా ఉబ్బితే ఫలితమూ ఉబ్బుతుంది. అయినా అమెరికన్ కాంగ్రెస్ 2018లో ఈ తరహా ఒప్పందాలకు 10 కోట్ల డాలర్లు కేటాయిస్తూ చట్టం చేసింది.

భారత్‌లో మొదట వచ్చినవి డెవలప్‌మెంట్ ఇంపాక్ట్ బాండ్లు. ఇక్కడ ఫలితానికి సొమ్ము కట్టేది ప్రభుత్వానికి బదులు ఒక దాత. 2015లో రాజస్థాన్‌లోని భిల్వారా జిల్లాలో ఎడ్యుకేట్ గర్ల్స్ సంస్థకు యూబీఎస్ ఆప్టిమస్ ఫౌండేషన్ పెట్టుబడి పెట్టింది, చెల్లించే బాధ్యత దాత సంస్థ సీఐఎఫ్‌ఎఫ్ (చిల్డ్రన్స్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్ ఫౌండేషన్) తీసుకుంది. చెల్లింపులో 80 శాతం చదువులో మెరుగుదలకు, 20 శాతం బడిలో చేర్చినందుకు. తొలి రెండేళ్లు చదువు లక్ష్యం వెనకబడింది. బోధన మార్చుకున్నాక మూడో ఏడు పుంజుకుని, చివరికి లక్ష్యంలో 160 శాతానికి చేరింది. మదుపరికి 15 శాతం రాబడి.

ప్రభుత్వ పథకాల్లో ఈ పద్ధతి పోలిక 2014లో వచ్చిన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో కనబడుతుంది. తెలుగు రాష్ట్రాల్లోనూ అమలైన ఈ పథకంలో, శిక్షణ పొందినవారిలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపాలి, వాయిదాల చెల్లింపు దానికి ముడిపడి ఉంటుంది. 2021లో జాతీయ నైపుణ్యాభివృద్ధి సంస్థ, దాతలూ కలిసి 50,000 మంది యువతకు స్కిల్ ఇంపాక్ట్ బాండ్ ప్రారంభించారు. అందులో సర్టిఫికెట్, ఉద్యోగంలో చేరిక, చేరిన చోట మూడు నెలలు నిలవడం వేర్వేరు మెట్లుగా లెక్కకొస్తాయి. నాలుగో నెలలో మానేసినా ఆ లెక్కలో అది కనబడదు.