ఛాంపియన్‌కి ముసలితనం వస్తే

బాక్సింగు గోల ఆడవాళ్ళకెందుకమ్మా అని మీరీ పేజీ తిప్పేయబోతున్నారని నాకు తెలుసు. ఒక్క నిమిషం ఆగండి. ఇద్దరు మనుషులు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు వాచేలా కొట్టుకోవడంలో నాకూ అందమేమీ కనిపించదు. టీవీలో ఆ ఆట పెడితే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయే రకాన్నే. కాని దాని చరిత్ర చదవడం మొదలెట్టాక మాత్రం పుస్తకం కింద పెట్టలేకపోయాను. అందులో పిడికిళ్ళ కంటే ఎక్కువగా ఉన్నది మన ఇళ్ళల్లో జరిగే సంగతే మరి. పెద్దవాళ్ళు ఎప్పుడు తప్పుకోవాలి? ఆ మాట వాళ్ళతో ఎవరు చెప్పాలి?

హెవీవెయిట్ బాక్సింగులో వందేళ్ళకు పైగా ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తూంటుంది. ఒక పక్క వయసు మీదపడుతున్న ఛాంపియను. ఇంకో పక్క పోటీ పోటీకీ పదునెక్కుతున్న కుర్రాడు. ఈ కుర్రాడు ఆ పెద్దాయన్ని ఓడించగలడా? మా మరిదినడిగితే క్షణంలో తేల్చేస్తాడు. "వయసే గెలుస్తుంది వదినా, ఇందులో ఆలోచించడానికేముంది?" అంటాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడని మనకీ సామెత ఉంది. అయినా ఆలోచించడానికి చాలానే ఉంది.

ముందు ఆ ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. రౌండుకి మూడు నిమిషాలు, రౌండుకీ రౌండుకీ మధ్య ఒక నిమిషం విశ్రాంతి. ఛాంపియన్ పదవికి జరిగే పోటీలు చాలా ఏళ్ళపాటు పదిహేను రౌండ్లుండేవి. 1980లలో పన్నెండుకి తగ్గించారు. మూడు నిమిషాలే కదా అనుకోకండి. గ్రైండర్లు లేని రోజుల్లో రోట్లో మినప్పప్పు రుబ్బిన చేతులకి తెలుసు, మూడు నిమిషాలు ఎంత పొడుగో! వయసుతో పాటు ముందు పోయేవి కాళ్ళంటారు, ఈ ఆట తెలిసినవాళ్ళు. తరవాత పోయేది చురుకు. దెబ్బ వస్తోందని కన్ను చెబుతూనే ఉంటుంది, తల మాత్రం సమయానికి పక్కకి జరగదు. అన్నిటికంటే ఆఖర్న పోయేది దెబ్బలోని బలం. అందుచేత ముసలి ఛాంపియను ఇంకా ఒక్క గుద్దుతో ఆట ముగించగలడు. కాని ఆ గుద్దు తగిలేంత దగ్గరికి చేరుకోవడమే అతనికి కష్టం.

జో లూయిస్ కథ చూడండి. డెట్రాయిట్‌లో పేదరికంలో పెరిగిన నల్లజాతి కుర్రాడు. తల్లి వయొలిన్ నేర్చుకోమని డబ్బులిస్తే, వాటితో బాక్సింగు నేర్చుకోవడానికి వెళ్ళాడని చెబుతారు. 1937లో ఛాంపియనయ్యాడు. పన్నెండేళ్ళకు కొద్దిగా తక్కువగా ఆ పదవిలో ఉండి, ఇరవై అయిదుసార్లు దాన్ని కాపాడుకున్నాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో రెండు పోటీల రాబడి నౌకాదళం, సైన్యం సహాయనిధులకి ఇచ్చేశాడు. 1949లో గౌరవంగా తప్పుకున్నాడు కూడా. కథ అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! కాని ఆదాయపు పన్ను బాకీ కొండలా పెరిగిపోయింది. దానమిచ్చేసిన డబ్బు మీద కూడా పన్ను కట్టమన్నారు. దాంతో మళ్ళీ గ్లోవ్స్ తొడుక్కున్నాడు.

1951 అక్టోబరు 26న న్యూయార్కులో అతని ఎదురుగా నిలబడ్డవాడు రాకీ మార్సియానో. వయసు ఇరవై ఎనిమిది, అప్పటికి ఒక్క ఓటమీ లేదు. లూయిస్‌కి ముప్ఫై ఏడు. ఎనిమిదో రౌండులో లూయిస్ తాళ్ళ మధ్యనుంచి రింగు బయటికి పడిపోయాడు. గెలిచిన మార్సియానో ఏం చేశాడో తెలుసా? లూయిస్ గదికి వెళ్ళి ఏడ్చాడు. తను చిన్నప్పటినుంచి ఆరాధించిన మనిషిని తనే పడగొట్టాల్సి వచ్చిందని ఆ ఏడుపు.

కుర్రాడు గెలిచిన రోజున కుర్రాడే ఏడవడమేమిటని నాకు మొదట ఆశ్చర్యమేసింది. ఇంకొంత చదివాక, అది వాళ్ళలో కొత్తేమీ కాదని తెలిసింది.

మహమ్మద్ అలీ పేరు తెలియనివాళ్ళు మనలో ఉండరు. పన్నెండేళ్ళప్పుడు సైకిలు పోయింది. పట్టుకుని తంతానని ఏడుస్తూ చెబితే, ముందు తన్నడం నేర్చుకోమన్నాడు ఒక పోలీసాయన. అలా మొదలైంది. 1964లో ఇరవై రెండేళ్ళ వయసులో సోనీ లిస్టన్ అనే భీకరమైన ఛాంపియన్‌ని ఎదిరించాడు. కుర్రాడు బతికి బయటపడితే చాలనుకున్నారంతా. ఏడో రౌండుకి లిస్టన్ స్టూలు మీదనుంచి లేవనే లేదు. అంటే ఒకనాడు ఈ ప్రశ్నలో కుర్రాడు అలీయే.

వియత్నాం యుద్ధానికి సైన్యంలో చేరనన్నందుకు 1967లో అతని పదవి లాగేశారు. మూడున్నరేళ్ళు రింగుకి దూరమయ్యాడు. తిరిగొచ్చేసరికి కాళ్ళలో పాత చురుకు లేదు. అప్పుడతను కొత్త విద్య నేర్చాడు. తప్పించుకోలేని దెబ్బని ఓర్చుకోవడం! 1974లో ఆఫ్రికాలో కిన్షాసా నగరంలో, తనకంటే ఏడేళ్ళు చిన్నవాడైన ఛాంపియను జార్జ్ ఫోర్‌మన్‌ని అలాగే ఓడించాడు. తాళ్ళకి ఆనుకుని, కొట్టు నాయనా కొట్టు అని కొట్టించుకుని, అతను అలిసిపోయాక ఎనిమిదో రౌండులో పడగొట్టాడు. లోకం చప్పట్లు కొట్టింది. ఆ ఓర్పుకి ఖరీదెంతో లెక్క వేసినవాళ్ళు తక్కువ.

లెక్క వేసినవాడు ఒకాయన ఉన్నాడు. అలీ డాక్టరు, ఫెర్డీ పచేకో. 1977లో ఎర్నీ షేవర్స్ అనే గట్టి చెయ్యి గలవాడితో అలీ పదిహేను రౌండ్లు ఆడి గెలిచాడు. తరవాత చేసిన పరీక్షల్లో మూత్రపిండాలు దెబ్బతింటున్నాయని తేలింది. ఆ రిపోర్టు అలీకీ, అలీ భార్యకీ, చుట్టూ ఉన్న ముఖ్యులకీ పంపించాననీ, ఒక్కరూ జవాబివ్వలేదనీ పచేకో తరవాత చెప్పుకున్నాడు. ఆయన పని మానేసి వెళ్ళిపోయాడు. నేను పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయింది ఇక్కడే. ఒక మనిషి సంపాదన మీద అంతమంది బతుకుతున్నప్పుడు, ఇక చాలు అనే ఉత్తరానికి జవాబు ఎవరు రాస్తారు?

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో లియోన్ స్పింక్స్ వచ్చాడు. వయసు ఇరవై నాలుగు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచాడు గాని, డబ్బుకాడే పోటీలు అప్పటికి ఏడే ఆడాడు. ముప్ఫై ఆరేళ్ళ అలీ అతన్ని లెక్కచెయ్యలేదు. సాధనా సరిగ్గా చెయ్యలేదు. పదిహేను రౌండ్లూ గుక్కతిప్పుకోకుండా కొట్టి, ఆ కుర్రాడు గెలిచాడు! ఏడు నెలల తరవాత న్యూ ఆర్లియన్స్‌లో మళ్ళీ పోటీ. ఈసారి అలీ ఒళ్ళు వంచి సాధన చేశాడు. గెలుపు తలకెక్కిన స్పింక్స్ మానేశాడు. అలీ గెలిచి, మూడోసారి ఛాంపియనయ్యాడు. ఇద్దరూ అవే మనుషులు, ఏడు నెలల్లో ఎవరి వయసూ వెనక్కి నడవలేదు. మా మరిది సూత్రానికి ఇది అడ్డం తగులుతుంది. అలక్ష్యం చేసినవాడు కుర్రాడైనా ఓడతాడు.

అక్కడైనా ఆపాడా? తప్పుకున్నానని 1979లో ప్రకటించాడు. 1980 మొదట్లో మద్రాసుకి కూడా వచ్చి, పాత స్నేహితుడు జిమ్మీ ఎల్లిస్‌తో సరదా పోటీ ఆడి వెళ్ళాడు. అలా ఊళ్ళు తిరుగుతూ, జనాన్ని నవ్విస్తూ ఉండిపోవాల్సింది. అదే ఏడాది మళ్ళీ అసలు రింగెక్కుతానన్నాడు. ఒప్పందం ఎనభై లక్షల డాలర్లు.

ఈసారి ఛాంపియను లారీ హోమ్స్. పన్నెండుమంది పిల్లలున్న ఇంట్లో ఒకడు. ఏడో తరగతిలో బడి మానేసి, గంటకో డాలరు కూలికి కార్లు కడిగాడు. ఆ తరవాత అలీ సాధన శిబిరంలో కుదిరాడు. ఏ పనికంటారా? రోజూ అలీకి ఎదురు నిలబడి సాధన చేయించే పని. మొదట్లో ఒకసారి అలీ దెబ్బకి కన్ను నల్లగా కమిలిపోతే, ఐసు పెట్టనివ్వలేదట. అలీ కొట్టిన దెబ్బని ఊళ్ళోవాళ్ళకి చూపించుకోవాలని! అలా అయిదో ఆరో రూపాయల కూలీలా చేరినవాడు గురువు విద్యంతా కళ్ళతో తాగేసి, 1978లో తనూ ఒక పట్టం గెలుచుకున్నాడు.

ముప్ఫై ఎనిమిదేళ్ళ అలీని మేయో క్లినిక్‌లో పరీక్షించారు. మాటలో, ఒంటికాలి మీద గెంతడంలో కొంచెం తేడా ఉందని ఆ నివేదికలోనే ఉంది. అయినా ఆడటానికి అనుమతి దొరికింది. నెరిసిన జుట్టుకి రంగేశాడు. బరువు దించాడు. థైరాయిడ్ మాత్రలు మింగాడు. ఆ మాత్రలు ఎక్కువైతే గుండె దడా నీరసమూ ఎలా ఉంటాయో మనలో చాలామందికి అనుభవమే కదా! అద్దంలో మాత్రం పాత అలీయే కనిపించాడు. యయాతికి తన యౌవనం ఇచ్చే పూరుడు దొరికాడు. అలీకి దొరికినవి రంగు సీసా, మాత్రల సీసా.

1980 అక్టోబరు 2న లాస్ వేగాస్‌లో పోటీ. ఒక్క రౌండు కూడా అలీది కాలేదు. ముగ్గురు న్యాయనిర్ణేతలూ ప్రతి రౌండూ హోమ్స్‌కే ఇచ్చారు. కొడుతూ కొడుతూనే హోమ్స్, ఇంక ఆపవేమన్నట్టు రిఫరీ వంక చూశాడు. నాకు భీష్మపర్వం గుర్తొచ్చింది. తాతని పడగొట్టే ఉపాయం మనవలకి తాతే చెప్పాడు. పదో రోజున భీష్ముడు ఒరిగాడు. ఇక్కడ పదో రౌండు. కాని భీష్ముడు తన సమయం తనే ఎరిగినవాడు, తనే చెప్పినవాడు. అలీ చెప్పలేదు, ఓడిపోయానని ఒప్పుకోలేదు, కిందా పడలేదు. స్టూలు మీద కూర్చున్నాడు.

అప్పుడు ఆ మూల జరిగింది ఈ వ్యాసానికి అసలు విషయం. గురువు ఏంజెలో డండీ, ఇక చాలు ఆపెయ్యమన్నాడు రిఫరీతో. పక్కనే ఉన్న బండీనీ బ్రౌన్ డండీ బట్టలు పట్టుకుని లాగి, ఇంకొక్క రౌండు, ఒక్కటంటే ఒక్కటి అని బతిమాలాడు. ఇద్దరూ అలీని ప్రాణంగా చూసుకున్నవాళ్ళే. ఇద్దరిదీ ప్రేమే. ఒకరి ప్రేమ అలీ గెలుపుని చూడాలనుకుంది. రెండోవారి ప్రేమ అలీ మర్నాటిని చూసింది. డండీ ఒప్పుకోలేదు. పోటీ ఆగిపోయింది. హోమ్స్ అలీ దగ్గరికి వెళ్ళాడు, తన అభిమానం చెప్పుకున్నాడు, ఏడ్చాడు. మార్సియానోలాగే.

అలీ మర్నాటి సంగతి మనకి తెలిసిందే. 1981లో ఇంకొక్క పోటీ ఆడి ఓడాడు. 1984లో పార్కిన్‌సన్స్ అన్నారు. 2016లో పోయేదాకా ఆ చేతులు వణుకుతూనే ఉన్నాయి.

హోమ్స్‌కైనా బుద్ధొచ్చిందా అంటే, ఏం వస్తుంది! 1988 జనవరిలో, తనూ ముప్ఫై ఎనిమిదేళ్ళవాడై, ఇరవై ఒక్కేళ్ళ మైక్ టైసన్ ముందు నిలబడ్డాడు. నాలుగో రౌండులో పడిపోయాడు. ఆ రోజు రింగు పక్కన కూర్చున్న పెద్దమనుషుల్లో అలీ ఉన్నాడు. ఆ తరవాత కూడా హోమ్స్ ఆడుతూనే పోయి, యాభై రెండో ఏట, 2002లో ఆపాడు.

మరి పెద్దవాళ్ళు గెలవడమే లేదా? ఉంది. కిన్షాసాలో అలీ చేతిలో ఓడిన ఫోర్‌మన్, పదేళ్ళు ఆట మాని, మత ప్రబోధాలు చేసుకుని, మళ్ళీ వచ్చాడు. 1994 నవంబరులో నలభై అయిదేళ్ళ వయసులో, ఇరవై ఆరేళ్ళ ఛాంపియను మైఖేల్ మూరర్‌తో తలపడ్డాడు. వేసుకున్నది ఇరవై ఏళ్ళ కిందటి ఆ ఎర్ర లాగే. తొమ్మిది రౌండ్లు దెబ్బలు తిన్నాడు. కుర్రాడు పదో రౌండులో అదమరిచి ఎదురుగా నిలబడ్డాడు. ఆఖర్న పోయేది దెబ్బలోని బలమని చెప్పానే, అది పనిచేసింది. హెవీవెయిట్లలో అంత వయసులో పట్టం గెలిచినవాడు అంతకుముందు లేడు. ఫోర్‌మన్ తన కాళ్ళని నమ్ముకోలేదు. లేనిది ఉందనుకోకుండా, ఉన్న ఒక్కదానితో సరిపెట్టుకున్నాడు.

కాబట్టి, పదునెక్కుతున్న కుర్రాడు ముసలి ఛాంపియన్‌ని ఓడించగలడా అంటే, ఓడించగలడు, చాలాసార్లు ఓడించాడు. తనని తను మరిచిపోతే మాత్రం ఓడిపోయాడు. ఈ జవాబు చెప్పడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఆ పెద్దాయన పక్కన కూర్చుని, ఆయన కోపాన్ని భరించి, ఇక చాలు అనగలగడమే కష్టం.

జో లూయిస్ చివరి రోజుల్లో లాస్ వేగాస్‌లోని సీజర్స్ ప్యాలెస్ హోటల్లో, వచ్చే అతిథుల్ని పలకరించే ఉద్యోగం చేశాడు. అలీని హోమ్స్ ఓడించింది ఆ హోటల్ ఆవరణలోనే. 1981 ఏప్రిల్ 11న హోమ్స్ ఇంకో పోటీ ఆడుతుంటే, చక్రాల కుర్చీలో రింగు పక్కన కూర్చుని చూశాడు లూయిస్. మర్నాడు ప్రాణం పోయింది. కొత్త ఛాంపియను ఆటని పాత ఛాంపియను కడదాకా చూస్తూనే ఉన్నాడన్నమాట.